ఇగరాషి గారి కేక

ఏ పెట్రోలు పొయ్యాలని నన్నడుగుతావేంటే చిహయా, ట్యాంకు మూత లోపల రాసుంటుంది చూడు. హై-ఆక్టేనా? అయితే పసుపు పైపు తియ్యి. ఖరీదెక్కువైనా సరే, ఆ ఎర్రదాని జోలికెళ్లకు, అది రెగ్యులర్. ఎందుకంటావా... ఇప్పుడంటే మనమే దిగి పోసుకుంటున్నాం గానీ, నా రోజుల్లో బంకువాళ్లు పరిగెత్తుకొచ్చి, నువ్వు చెప్పింది బజారంతా వినపడేలా అరిచేవాళ్లు. "రెగ్యులర్, ఫుల్ ట్యాంక్" అని. మా ఊరు నాగవోకలో, స్టేషన్ రోడ్డు బంకులో ఇగరాషి గారని ఉండేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అయినా పరుగే. అప్పుడే నేను సెకండ్ హ్యాండ్ టర్బో కారొకటి కొన్నాను, మా ఆఫీసులో సెక్షన్ చీఫ్ కొన్నాడని. నాకు కారు నడపడం కంటే కడగడం బాగా వచ్చు. ఆ బండేమో హై-ఆక్టేన్ తప్ప తాగదు, నా జీతమేమో రెగ్యులర్ తప్ప తాగించలేదు. ఒకరోజు సరిగ్గా నా వెనకే చీఫ్ గారి భార్య కారు. అద్దం రెండు వేళ్లు దించి "రెగ్యులర్" అని గొణిగాను, రహస్య రోగమేదో చెప్పుకున్నట్టు. ఇగరాషి గారు వెనక కారు చూశాడు, నా మొహం చూశాడు. "హై-ఆక్టేన్, ఫుల్ ట్యాంక్" అని అరిచి, ఒళ్లు అడ్డం పెట్టి రెగ్యులరే పోశాడు. డబ్బులూ రెగ్యులర్‌వే పుచ్చుకున్నాడు. నేను అడగలేదే. ఆ తర్వాత మాత్రం ప్రతి శనివారం ఆయన ఖాళీ అయ్యేదాకా ఆగి మరీ, అదే కేకతో పోయించుకునేవాణ్ణి. పోశాక ఒక్కటే అనేవాడు, "ఘాట్ రోడ్డెక్కేటప్పుడు గట్టిగా తొక్కకండి బాబూ, ఇంజిన్ ఓర్చుకోదు" అని.

తొక్కాను. పక్కన మా మావగారు కూర్చున్నారు మరి. ముప్పై ఏళ్లు రైలింజిన్లు బాగుచేసిన మనిషి. ఆయనకి అల్లుడి సత్తా చూపిద్దామని మికుని కనుమలో తొక్కితే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు లోపల ఒకటే టకటక. ఆ వెనకే పొగ. షెడ్డువాడు విప్పి, చిల్లుపడ్డ పిస్టన్ చూపించి, "దీనికి నెలల తరబడి రెగ్యులరే పోశారు" అన్నాడు. మావగారు నా వైపు తిరిగి, "ఏం పోయిస్తున్నావోయ్?" అన్నారు. అంతే, మెల్లగా. నేను... "హై-ఆక్టేనే మావయ్యా. కావాలంటే ఎవర్నయినా అడగండి, బజారంతా విన్నారు" అన్నాను.

అడిగారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లి మరీ అడిగారు. అందరూ విన్నామనే చెప్పారు, చీఫ్ గారి భార్యతో సహా. బంకు ఓనరు ఇగరాషి గారిని పిలిచి, "అరిచేదొకటి, పోసేదొకటా? ఇన్నాళ్లూ తేడా డబ్బులు జేబులో వేసుకున్నావా?" అన్నాడు. ఆయన నన్ను చూశాడు. నాకు నోరుంది చిహయా, అప్పుడూ ఉంది. నేను వంగి బూటు లేసు చూసుకున్నాను. ముడి బాగానే ఉంది. ఆయన టోపీ తీసి, నడుం వంచి, నాతోనే అన్నాడు, "నా పొరపాటేనండీ" అని. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది.

ఆ చలికాలం నేను కారులో వెళ్తుంటే, స్టేషన్ ముందు మంచు ఎత్తిపోస్తూ కనబడ్డాడు. పార పక్కన పెట్టి దగ్గరికొచ్చి, "బండి ఇప్పుడు బాగుందా బాబూ?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదే, నిజంగానే అడిగాడు. నేను అద్దం ఎత్తేశాను. మంచు లోపల పడుతోందని పక్క సీట్లో ఉన్న మీ అమ్మమ్మతో అన్నాను. ఆ పూట మంచు పడటం లేదు.

తర్వాతైనా వెళ్లి నిజం చెప్పావా అంటావా... ఆకలేస్తోందే. ఆ మూల సోబా నూడుల్స్ కొట్టువాడు రెండింటికల్లా మూసేస్తాడు. పద.