క్యాబినెట్ లేని ఆంప్

చిలకలగూడల సంగీత వాయిద్యాల షాపు. గోడ పొడవునా పేర్చిన స్పీకర్ క్యాబినెట్ పెట్టెల ముందు ఒకామె నిలబడి ఓనర్‌తోని మాట్లాడుతోంది.

"మా సారు బేస్ గిటార్‌కు క్యాబినెట్ కావాలి బాబూ. ట్యూబ్ ఆంప్లిఫయర్ ఇంట్లనే ఉంది."

"పదిహేను ఇంచుల స్పీకర్ ఒక్కటున్నది చాలా ఆంటీ, పది ఇంచులవి నాలుగున్నది కావాల్నా? పాతది ఎట్లుండె?"

"పెద్ద స్పీకర్ ఒక్కటే ఉండె. ఆయనకు పక్షవాతం వచ్చినంక మంచానికి జాగ చాలక చర్చికిచ్చేసినం. ఇప్పుడు వేళ్లు జెర కదులుతున్నయి. రోజూ గిటార్ ఒళ్లో పెట్టి ఆంప్ ఆన్ చేస్తున్న."

"క్యాబినెట్ లేకుండనా?"

"ట్యూబులు ఎర్రగ వెలుగుతుంటే అటే చూస్తరు. తీగ మీటుతరు. సప్పుడు రాకపోతే వాల్యూం పెంచిన."

"ఎంత పెంచిన్రు?"

"మొత్తం."

"వాసన గిట్ల వచ్చిందా?"

"నిన్న ప్లాస్టిక్ కాలినట్టు వచ్చింది. బయట ఎవరో చెత్త కాలుస్తున్నరని కిటికీ మూసిన. ఏమైంది బాబూ?"

"స్పీకర్ తగిలియ్యకుండ ట్యూబ్ ఆంప్ వాయించొద్దు ఆంటీ. లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినట్టుంది. పాత ఆంప్‌కు అసుంటిది మళ్ల దొరకదు. ఇగ ఏ క్యాబినెట్ కొన్నా సప్పుడు రాదు. ఈ సంగతి సారుకు తెల్వదా?"

"ఆయనకు తెల్వకుంటదా? ఆ ఆంప్‌ను నన్ను ముట్టనియ్యకపోతుండె."

"మరి చెప్పలేదా?"

"మాట పడిపోయింది కదా. నేను వాల్యూం తిప్పినప్పుడల్లా గట్టిగ అరుస్తుండె. ఇంకా పెంచమంటున్నరనుకున్న బాబూ. పెంచిన."