నెమలికంఠం రంగు ట్యాంకు

ఈ స్ప్రే డబ్బాలు చేసేవాళ్ళకి మనుషుల వేళ్ళ మీద బొత్తిగా జాలి లేదన్నయ్యా. ఇదిగో, ఈ చూపుడువేలు చూడు. వారం రోజుల్నుంచి నొక్కీ నొక్కీ సూది కూడా పట్టుకోనని మొరాయిస్తోంది. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కినా ఇంత నొప్పి ఎరగను. అయినా ఏమిటో, పొద్దుట్నుంచి ఊరికే నవ్వొస్తోంది. నవ్వుతూ నవ్వుతూ ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టాను.

నువ్వలా గుమ్మంలో నిలబడిపోకు. చెప్పులతోనే వచ్చెయ్, నేల సంగతి ఎప్పుడో అయిపోయింది.

అవును, అది మా బండి ట్యాంకే. ఇరవై ఏళ్ళుగా నువ్వు బాగుచేస్తున్న బండిదే. నల్లగా ఉండేది, నిజమే. చెప్తాను, ముందు కూర్చో. ఆ కుర్చీలో కాదు, అందులో మడ్‌గార్డు ఉంది.

బొమ్మ భుజాల మీద పెట్టానేంటంటావా? మరెక్కడ పెట్టను? నేలమీద దుమ్ము. బల్లమీద పేపరు పరిచి పెడితే ఆ పేపరు కాస్తా అంటుకుపోయింది. వంగి చూడు, ట్యాంకు అడుగున ఉద్యోగ ప్రకటన ముక్క ఉంటుంది, 'అనుభవం గలవారికే ప్రాధాన్యం' అని. అప్పుడు ఈ కొలతల బొమ్మ గుర్తొచ్చింది. తలా లేదు, నోరూ లేదు, ఏం పెట్టినా మోస్తుంది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి ఎవరో చుట్టం అనుకుంది. ఎప్పుడొచ్చారండీ అని పలకరించింది కూడా. జవాబు రాలేదని నిన్నట్నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది.

విప్పింది నేనే, ఎవరి సాయమూ లేదు. పెట్రోలంతా తీసేసి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాకే లోపలికి తెచ్చాను. కిటికీలు బార్లా తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. నట్లూ బోల్టులూ గుండీల డబ్బాల్లో ఉన్నాయి, దేనివి దానికి, మూతల మీద సుద్దతో రాశాను. రెండు మాత్రం ఎక్కడివో తెలీదు. అలా చూస్తావేం? నువ్వు విప్పినప్పుడు మిగలవా?

ఒక్కటే మాట. మా ఆయన నాలుగింటి బస్సుకి దిగుతారు. ఈలోపల ఇవన్నీ బిగించి బండిని రోడ్డెక్కించాలి నువ్వు. సాయంత్రం బండి కొనడానికి వస్తానన్నాడే, అతన్ని రావద్దని చెప్పెయ్. బండి అమ్మం. ఆయనే నీకు అమ్మిపెట్టమని చెప్పారు, నాకు తెలుసు. అయినా అమ్మం. ఎందుకో చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను. కానీ ముందు రంగు సంగతి చెప్పనీ, నా నోరు ఊరుకోవడం లేదు.

డబ్బా ఊపితే లోపల గోళీ గలగలమంటుంది చూడు, ఆ చప్పుడుకే నాకు సగం పిచ్చెక్కింది. రెండు నిమిషాలు ఊపమని రాసి ఉంటే అయిదు నిమిషాలు ఊపాను. తర్వాత నొక్కాను. బుస్సుమంది. అబ్బ, ఆ మొదటి చార ఉంది చూశావూ! గీకి గీకి బోడి చేసిన రేకు మీద కొత్త రంగు అలా పరుచుకుపోతుంటే, ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేమని ఏడుపొచ్చినంత పనైంది.

చెయ్యి కూడా ఇట్టే కుదిరింది. ఎందుకంటావ్? ఇస్త్రీ. అచ్చం ఇస్త్రీయే అన్నయ్యా. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క ఊపున పోవాలి, మధ్యలో ఆగకూడదు, కిందటి చారని సగం కప్పుకుంటూ రావాలి. పెట్టె ఆపితే గుడ్డ మాడుతుంది, డబ్బా ఆపితే రంగు కారుతుంది.

ట్యాంకయ్యాక పక్క డొప్పలు. డొప్పలయ్యాక మడ్‌గార్డు. మడ్‌గార్డయ్యాక ఇంట్లో ఇంకేమున్నాయా అని వెతుక్కున్నాను. గొడుగు పిడి, సబ్బుపెట్టె, మిషన్ పెడలు. ఆయన చెప్పుల దాకా వెళ్ళి ఆగిపోయాను.

పొరపాట్లా? బోలెడు. ఒక పూత ఈ కుట్టుగదిలో నేల తుడవకుండానే వేశాను. కుట్టేవాళ్ళ గదిలో గాలి ఉండదన్నయ్యా, నూగు ఉంటుంది. ఆరాక చూస్తే ట్యాంకుకి వెంట్రుకలు మొలిచాయి. మళ్ళీ నీళ్ళు పోసుకుంటూ వాటర్ పేపరుతో రుద్దుడు. అప్పట్నుంచి నేలంతా తడిపి, తడిగుడ్డతో నన్ను నేను తుడుచుకుని మరీ డబ్బా పట్టుకుంటున్నాను. అయినా ఒక ఎర్రపోగు పైపూత కింద ఉండిపోయింది, ఆ మూత పక్కన. తియ్యబుద్ధి కాలేదు.

ముందు నలుపే వేశాను. నలుపైతే ఏ మచ్చనైనా దాస్తుందనుకున్నాను. బట్టల్లో అంతే కదా? నిగనిగలాడే నలుపు అలా కాదు. ఆరాక లైటు వేస్తే, ట్యూబ్‌లైటు నీడ ట్యాంకు మీద తిన్నగా వచ్చి వచ్చి ఎడమ పక్కన వంకర తిరిగింది. సొట్టలో లప్పం పెట్టి పూడ్చిన చోట. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దుడు, మళ్ళీ నలుపు. మళ్ళీ అక్కడే వంకర. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి నేలమీద చతికిలబడి నవ్వడం మొదలెట్టాను. దాచడానికి కొన్న రంగే వేలెత్తి చూపిస్తుంటే ఇంకేం చేస్తాం?

లేచి నా దారాల పెట్టెలోంచి నెమలికంఠం రంగు కండె ఒకటి తీసుకుని రంగుల కొట్టుకి పోయాను. బట్టకి దారం జత చూసినట్టు ఒక్కో డబ్బా మూత పక్కనా కండె పెట్టి చూస్తుంటే కొట్టతను నోరెళ్ళబెట్టాడు. బండి కొన్న రోజు నేను అడిగింది ఈ రంగే. నలుపైతే మురికి కనబడదన్నారు ఆయన.

సరే, సొట్ట ఎలా పడిందని అడగవేం? నీకు ఆయన చెప్పే ఉంటారు. ఆదివారం బండి గేటు పక్క గోడకి ఆనించి, స్టాండు వెయ్యడం మర్చిపోయాను, సోమవారం సాయంత్రం చూస్తే పడి ఉంది అని. అవునా?

ఆయన స్టాండు వేశారన్నయ్యా.

సోమవారం ఆయన కంపెనీ బస్సెక్కి పనికి పోగానే బండి తీసింది నేను. ఆ రోజే కాదు, అంతకు నెల ముందు నుంచీ. వెనక సందులో, మొదటి గేరులో. యాభై రెండేళ్ళకి ఇదేం బుద్ధి అంటావేమో, అను. తిన్నగా భలే పోతాను. సందు చివర దిగి, బండిని తోసి తిప్పుకుని, మళ్ళీ ఎక్కేదాన్ని. ఆ రోజు మాత్రం దిగకుండానే తిరుగుదామని పొగరెక్కింది. బండి ఒక వైపు, నేనొక వైపు. ఎలాగో గేటు దాకా తోసుకొచ్చి స్టాండు వెయ్యబోతే మళ్ళీ పడింది. ఇక లేపే ఓపిక లేక అలాగే వదిలేశాను.

మోకాలు చెక్కుకుపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన వచ్చి, చప్పుడు వినలేదా అన్నారు. మిషన్ చప్పుడులో ఏం వినబడుతుందన్నాను. అంతే, ఆ ఒక్క మాటే.

తిట్టలేదు. బండిని లేపి స్టాండు వేసి, "మా నాన్నకీ ఇలాగే మొదలైంది" అన్నారు. వాళ్ళ నాన్నగారు చివరి రోజుల్లో కన్నకొడుకునే ఎవరు బాబూ నువ్వు అని అడిగేవారు. మర్నాటి నుంచి చీటీలు. చొక్కా ఇస్త్రీ చెయ్యబోతే జేబులో దొరికాయి. 'తలుపు వేశాను.' 'పొయ్యి ఆపాను.' 'వెళ్తున్నానని ఆమెకి చెప్పాను.' వారం తిరక్కుండానే బండి అమ్మేస్తానన్నారు, రేపు దారి మర్చిపోతే ఎలా అని. వాళ్ళన్నయ్య ఊళ్ళో పెద్ద డాక్టరు ఉన్నాడంటే పది రోజుల కిందట బయల్దేరారు. ఈలోగా సొట్ట మాయం చేసి, రంగేసి, మెల్లిగా అంతా మరిపించేద్దామనుకున్నాను. నా తెలివి చూడు, మర్చిపోతానేమోనని హడలిపోతున్న మనిషిని మరిపిద్దామనుకున్నాను.

నిన్న ఫోను చేశారు. పరీక్షలన్నీ చేశారట, ఏమీ లేదట, బుర్ర పాతికేళ్ళ కుర్రాడిలా ఉందట. నేను ఇక్కడ గంతేశాను. ఆయన మాత్రం నింపాదిగా, "డాక్టరుకేం తెలుసు? స్టాండు వెయ్యకుండా లోపలికొచ్చింది నేను కదా" అన్నారు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. బస్సు ఎన్నింటికని మాత్రం అడిగి ఫోను పెట్టేశాను. సిగ్గేసింది అన్నయ్యా, ముప్ఫై ఏళ్ళలో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. పొద్దున లేవగానే ఒకటి అనుకున్నాను, అప్పట్నుంచీ ఈ నవ్వు. నవ్వో వణుకో నాకే తెలీడం లేదు.

నువ్వెందుకు కళ్ళు తుడుచుకుంటున్నావ్? రంగు వాసనా? సరే, వాసనే అనుకుందాం.

ఇవాళ బస్టాండుకి నేనే వెళ్తాను, ఈ బండి మీదే. బస్సు దిగి నన్ను చూడగానే ఆయనకి అంతా తెలిసిపోతుంది, వివరం అడగక్కర్లేదు. తిడితే తిట్టనీ. నెల్లాళ్ళు మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. ఆ చీటీలు మాత్రం అక్కడే చింపించి పారేయిస్తాను.

కానియ్యి, బిగించు. స్టాండు ముందు బిగించు. భయపడకు, బస్టాండు దాకా రోడ్డు తిన్నగానే ఉంది, తిన్నగా పోవడం నాకు బాగానే వచ్చు. వచ్చేటప్పుడంటావా? మలుపు తిరగడం నాకింకా రాదు. అది ఆయనే నడపాలి.