పది పెసరగింజలు, ఒక తడిగుడ్డ

1998 డిసెంబరు 21న చిల్పూర్ దగ్గరి ఉన్నత పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిగా ఉద్యోగంలో చేరిన శ్రీమతి రుక్మిణి గారు, ఈ ఏప్రిల్ నెలాఖరున మా టేకుమట్ల పాఠశాల నుంచి పదవీ విరమణ చేస్తున్నారు.

చేరిన కొత్తలో మేడమ్ ఒక తప్పు చేశారు, దాన్ని ఏనాడూ దాచుకోలేదు. సజీవుల లక్షణాలు చెబుతూ ఎండు పెసరగింజను నిర్జీవుల వరుసలో పెట్టించారు. లత అనే అమ్మాయి లేచి, "సచ్చినదైతే మా అవ్వ దాన్ని ఎందుకు దాస్తది టీచర్?" అని అడిగింది. ఆ సాయంత్రమే మేడమ్ పది గింజలను తడిగుడ్డలో చుట్టారు. మూడోనాడు తొమ్మిది మొలకలు చూపించి, "లత చెప్పిందే నిజం. గింజ కూడా మనలెక్కనే ఊపిరి తీస్తది, కాకపోతే మెల్లగ" అన్నారు. నాటి నుంచి ప్రతి జూన్‌లో పిల్లలు ఇంటి విత్తనాల్లోంచి పది గింజలు తెచ్చి తడిగుడ్డలో చుట్టడం ఆమె తరగతికి ఆచారమైంది.

2009లో టేకుమట్లకు వచ్చాక ఒక జూన్‌లో, నీలి అనే అమ్మాయి తెచ్చిన పది గింజల్లో రెండే మొలిచాయి. తొలకరి పడి, చేను దున్ని సిద్ధంగా ఉన్న ఆమె తాత సారయ్య గారు నేరుగా బడికొచ్చారు.

"నా ఇత్తనం సచ్చిందని చెప్పెటందుకు నువ్వెవలు టీచరమ్మా?"

"నేను చెప్పుడు కాదన్నా. వంద గింజలు నువ్వే ఏరి, నీ ఇంట్లనే చుట్టు. మూడు దినాలు ఆగు."

"అప్పటికి నేల తడి పోయి పదునారిపోతది."

ఆ మూడు రోజులూ మేడమ్ పాఠం చెబుతూనే కిటికీలోంచి మబ్బుల వైపు చూశారు; తన మాట తప్పయితే ఒక ఇంటి పంటకాలం పోతుందని ఆమెకు తెలుసు. నాలుగోనాడు సారయ్య గారు గుడ్డతో సహా వచ్చి, "వందకు పంతొమ్మిదే మొలిచినయి. మిగిలినయి నాకంటె ముందే పోయినయి టీచరమ్మా. పోయినేడు వానకు తడిసిన బస్త అది" అన్నారు. పదును ఇంకా ఆరలేదు. తరగతిలో పదికి తొమ్మిది మొలిచిన ఇంటి నుంచి విత్తనం తెచ్చుకుని ఆ సాయంత్రమే చల్లారు. ఆ ఏడు పెసర పండింది.

వెళ్లే ముందు మేడమ్‌కు దిగులొక్కటే, వచ్చే జూన్‌లో ఆ గుడ్డను ఎవరు తడుపుతారని. మొన్న ఆ మాట చెవిన పడి సారయ్య గారు మళ్లీ బడికొచ్చారు. "నువ్వు నిమ్మలంగ ఉండు టీచరమ్మా. పోయిన నాలుగేండ్ల సంది మా వాడకట్టు గింజలన్ని మా ఇంట్లనే చుడుతున్న. పోరగాండ్లకు నేనే నేర్పుత" అన్నారు. మేడమ్ సంచిలోంచి తరగతిలో ఏటా గింజలు చుట్టిన ఆ పాత గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టారు.

శ్రీమతి రుక్మిణి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఆనందంతో చిరకాలం వర్ధిల్లాలని, ఏటా జూన్‌లో మూడోనాటి మొలకలు లెక్కపెట్టడానికి మా మధ్యకు వస్తూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.