బావి కాడ మూన్‌లైట్

అగో, మళ్ల బకెట్ దబ్బున వెడితివి! బకెట్ ఏం జేసింది పాపం? కోపం నా మీద అయితే నన్నే తిట్టు. నోరిప్పి తిట్టు గంగమణీ! మంగళారం సంది ఒక్క మాట లేదు, ముచ్చట లేదు. కట్టుకున్నోనితోని గిట్ల ఉంటరా ఎవరన్న?

పొద్దుగాల తుకారాం సేట్ రైలు టికెట్ కోసం వస్తే ఏమన్నవ్? "ఆవో కాకా, చాయ్ తాగుతవా" అన్నవ్. పండ్లన్ని కనవడేటట్టు నవ్వినవ్. సేట్ అటు పోంగనే మొకం మాడ్చినవ్. నేను మనిషి లెక్క కనవడుతలేనా?

సరే, మాట్లాడకు. కీబోర్డులు తుడుసుకో. మన నెట్ సెంటర్ షట్టర్ సగమే లేపిన, గిరాకీ వచ్చేతందుకు ఇంక జర టైం ఉంది. నువ్వు తుడుసుకుంటనే ఇను. ఇనెతందుకు ఏం కష్టం?

ముందుగాల ఒక్క సంగతి చెప్పు. ఆ ఆన్‌లైన్ ఆటల మూన్‌లైట్ అని పేరు వెట్టుకున్నది నువ్వేనని నాకెట్ల ఎర్కైతది? నేను గీ మొదటి సిస్టం మీద, నువ్వు గా చివరి క్యాబిన్ల. మధ్యల ప్లైవుడ్ చెక్కలు. నువ్వు టకటక కొడుతుంటే గిరాకోళ్ల బయోడేటాలు కొడుతున్నవనుకున్న. మా గంగమణి ఎంత కష్టవడుతుందో అని తుకారాం సేట్‌కు గొప్పలు సుత చెప్పుకున్న, అడుగు కావాలంటే.

నేను గా ఆటల ఎందుకు వడ్డనో నీకు తెల్వదా? మిగిలిన పోరగాండ్లు ఆడే ఆటలు సూస్తే నాకు తలకాయ నొస్తది. ఢాం ఢాం, చంపుడు, సచ్చుడు. మన ఆట గట్ల కాదు. నార పీకాలె, తాడు పేనాలె, ఇటుక చెయ్యాలె. నలుగురు కట్టెలేస్తేనే బట్టీ అంటుకుంటది. ఫిన్లాండ్ ముసలామె కుండలు చేస్తది. బ్రెజిల్ దిక్కు లారీ డ్రైవర్ తాళ్లు పేనుతడు. అందరం కలిసి ఒక ఊరు కట్టినం. బావి తవ్వినం. బావికి గిలక సుత పెట్టినం!

ఊరికి పెద్దమనిషి ఎవరు? నేనే. బాలు పటేల్. ఏందట్ల సూస్తవ్? బాలనర్సయ్య అని పెడితే వాళ్లకు నోరు తిరుగుతదా?

గా ఊరికి ఎండకాలంల మూన్‌లైట్ వచ్చింది. పని అంటే పనే. ఇంగ్లీషుల ఒక్క తప్పు లేదు. నేననుకున్న, ఎవలో లండన్ పిల్ల అని. "వెల్‌కమ్" అన్న. "థాంక్యూ సో మచ్" అన్న. ఆటలనేమో సలికాలం, "మంట కాడ కూసో, సలి వెడుతుంది" అన్న. నవ్వకు... నవ్వలేదా? నవ్వినట్టనిపిచ్చింది.

ఇంట్ల ఎన్నడన్న థాంక్స్ అన్ననా? అనలే. ఒప్పుకుంట. ఇంట్ల "అన్నం పెట్టు", "తువ్వాల ఏది", గిదే నా బాస. ఎదురుంగ పెండ్లాం ఉంటే నాలిక తిరగదు. మా బాపు అవ్వతోని గట్లనే మాట్లాడిండు, నేను సుత గట్లనే మాట్లాడుతున్న. అండ్ల అయితే ఎవలు ఎవలో తెల్వదు, సిగ్గు లేదు. మంచిమాటలన్ని ఎల్తయి.

ఇగ ఉన్ని సంగతి. ఊరి పెట్టెల అందరు కూడవెట్టిన ఉన్ని. పొద్దున సూస్తె పెట్టె ఖాళీ! అడిగితె మూన్‌లైట్ తీసుకపోయిందని తెలిసింది. ఎందుకు తీసుకున్నవంటే జవాబు లేదు. "రెండింతలు తెచ్చి పెట్టు, జుర్మాన" అన్న. పెట్టలే. ఊరు ఊరంత నా దిక్కు సూడవట్టె. పెద్దమనిషి అన్నంక ఏదో ఒకటి చెయ్యాలె కద?

మాక్లూర్ దిక్కు మా ఊర్ల పెద్దల కమిటీ తప్పు చేసినోళ్లను ఏం జేస్తదో నేను సిన్నప్పటి సంది సూసిన. నాకు వచ్చిన ఇద్య గదే. మీటింగ్ వెట్టిన. మూన్‌లైట్‌తోని ఎవలు మాట్లాడొద్దు, కుండ ఇయ్యొద్దు, నిప్పు ఇయ్యొద్దు. మాట్లాడినోళ్లను సుత గిట్లనే వెలేసి బందు వెడుతమని చెప్పిన.

ఫిన్లాండ్ ముసలామె అడిగింది, "గింత ఉన్నికి గింత శిక్షనా" అని. "మా దిక్కు రివాజు గిట్లనే ఉంటది" అన్న. పాపం, ఆమెకేం తెలుస్తది? వెలేసుడు అంటే ఏందో వాళ్లకు తెల్వనే తెల్వదు. నేనే నేర్పిన.

తర్వాత నువ్వు రోజు బావి కాడికి వచ్చినవ్. నిలవడి "హలో" అని కొట్టినవ్. ఒక్కలు పలకలే. నేను సుత సూసిన. సూసి ఇటుకలు మోసుకుంట పక్కకెల్లి పోయిన. ఇక్కడ ప్లైవుడ్ అవతల నువ్వు టకటక కొట్టుడు నాకు ఇనవడుతనే ఉంది. అది గా "హలో" అనే అని నాకేం తెలుసు?

మంగళారం గిరాకోని కాయితం ఇద్దామని నీ క్యాబిన్లకు తలకాయ వెట్టిన. స్క్రీన్ మీద మూన్‌లైట్. "అరే! గా దొంగ నువ్వేనా!" అన్న. పెద్దగ నవ్విన. ఇద్దరు గిరాకోళ్లు సుత నవ్విన్రు. నువ్వు లేసి లోపటికి పోయినవ్. నేనేమో నవ్వుతనే ఉన్న, నువ్వు సుత జరంత సేపటికి నవ్వుకుంట వస్తవనుకున్న.

నువ్వు రాలే. నువ్వు లేసిన కుర్చీల నేను కూసున్న. మూన్‌లైట్ గుడిసెలకు పోయి సూసిన. అండ్ల గొంగడి. నల్ల గొంగడి, అంచుకు ఎర్ర పోగు. దాని మీద పేరు సుత రాసినవ్, "బాలు పటేల్‌కు" అని.

అంటే నీకు మొదటి సందే ఎర్కేనా, అది నేనని? మంట కాడ కూసుండవెట్టింది నేనని? ఎర్కయ్యే వచ్చినవా?

నువ్వు ఉన్ని ఎందుకు అడగలేదో గప్పుడు సమజైంది. మనింట్ల బియ్యం డబ్బాల చెయ్యి పెడితే నన్నడుగుతవా? అడగవు. మొగుడు ఊరికి పెద్దమనిషి, పెట్టె మొగని చేతుల ఉంది, గొంగడి సుత మొగనికే. ఇగ అడుగుడేంది? పదిమందిల నా భుజం మీద వేసినంకనే చెప్దామనుకున్నవ్. నేనేమో నిన్ను దొంగ అన్న.

ఇటు సూడు జర. సూడకపోయినా ఇను. పెండ్లైన కొత్తల నువ్వే చెప్పినవ్, వర్ని అవతల మీ ఊర్ల మీ బాపును, లింబయ్య మామను, కమిటోళ్లు వెలేసిన ముచ్చట. మంగలోడు రాలే. దుకాణపోడు ఉప్పియ్యలే. పిల్లలు కచ్చకాయలాడుతుంటే నువ్వు పోంగనే కాయలు ఒడిల వోసుకొని లేసిపోయేటోళ్లు. అది ఇని నేను "అయ్యో" అన్న. నీ తలకాయ మీద చెయ్యి సుత వెట్టిన. గా "అయ్యో" ఎటు వోయిందో నాకే తెల్వదు.

నిన్న పోయిన్నే, ఆటలకు. మాఫీ అన్న. మూన్‌లైట్ నా పెండ్లాం, తప్పు నాది, బందు తీసేద్దాం అన్న. ఏమన్నరో ఎర్కేనా? "రూల్ నువ్వే వెట్టినవ్, రూల్ రూలే" అన్నరు. ఇగ నాకు సుత రోషం వచ్చింది. బావి కాడికి పోయి, అందరు ఇనేటట్టు "హలో మూన్‌లైట్" అన్న. నువ్వు లేవు, అయినా అన్న. అంతే, నన్ను సుత బందు వెట్టిన్రు! చెయ్యెత్తుమంటే ముందుగాల ఎత్తింది ఎవలు? ఫిన్లాండ్ ముసలామె!

నవ్వు రాలేదా? ఇంట్ల బందు, ఆటల బందు. బాలు పటేల్‌కు నిప్పిచ్చేటోడు లేడు.

ఇంకొక్కటుంది. ఇది చెప్తె నువ్వు జన్మల మాట్లాడవేమో. అయినా చెప్త. నిన్ను వెలేసిన పూట, నేను అనంగనే అందరు ఒక్కసారే చేతులెత్తిన్రు. గప్పుడు నాకు మస్తు సంబురమైంది గంగమణీ. ఛాతి ఇంత లావైంది. గా పూట అన్నం సుత రెండుసార్లు పెట్టించుకొని తిన్న. నువ్వే పెట్టినవ్. మీ మామను వెలేసినోళ్లు సుత ఆ పూట గట్లనే తినుంటరు.

అగో, మామ అంటె నాకు మామ, నీకు బాపు. తప్పు వడ్డది. నా నాలిక...

ఏమన్నవ్?

మళ్లొకసారి అను. జరుగు అన్నవా? అన్నవ్! నేనిన్న! "జరుగు" అన్నవ్!

కీబోర్డు తుడువాల్నా? నా కుర్చీల కూసుంటవా? ఏదన్న చెయ్యి, నాకేంది. ఇగో జరిగిన. ఇంకింత జరగాల్నా? జరుగుత. గోడ దాక జరుగుత.