ఖాళీ కాని చానల్

2009 ఎండాకాలం. ఆళ్లగడ్డలో ఒకప్పుడు టీవీ యాంటెనాలు అమ్మిన పెద్దాయన అరుగు మీద, నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీ పిల్ల ఒక మిషన్ పెట్టుకొని కూర్చుంది.

"ఏందమ్మా అది?"

"గాలిలో ఏ చానల్ ఖాళీగా ఉందో వింటాది పెద్దాయనా. ఖాళీదాన్ని వేరే రేడియోలు వాడుకోవచ్చు. సొంతదారు వస్తే తప్పుకోవాల."

"దొరికిందా?"

"ఒకటి దొరికింది. నంద్యాల టవర్ నుంచి వచ్చే పాత చానల్. ఈడ ఏమీ వినపడలేదు. ఖాళీ అని రాసుకుంటాండా."

"రాయొద్దు. అది నేను చూస్తాండా."

"ఊరంతా డిష్షులే కదా! మీరొక్కరేనా?"

"వెయ్యి యాంటెనాలు అమ్మినా. మిగిలిన గిరాకీ నేనొక్కణ్ణే. వేరే రేడియో దూరితే నా బొమ్మ పోతాది. చూసేవాడు ఉన్నాడని నీ మిషన్ కనుక్కోలేదా?"

"లేదు. టవర్ మాదిరి మాట్లాడేవాళ్లే దానికి తెలుస్తారు. చూసేవాళ్లు చప్పుడు చెయ్యరు కదా."

అంటే మిషన్‌కు టవరే వినపడాల; టవర్ వినపడాలంటే ఎత్తు కావాల. ఆ లెక్క యాంటెనాలు అమ్మిన ఆయనకు ఒకరు విడమరిచి చెప్పనక్కరలేదు.

"కింద కూర్చుంటే ఏం వినపడతాది? మిద్దె మీది నా యాంటెనా తీగ నీ మిషన్‌కూ తగిలించు. గాలికి పక్కకు తిరిగింది, పోయి సరిచేస్తా. నువ్వు టీవీ దగ్గర నిలబడి చెప్పు."

"ఎప్పుడూ ఎవరు చెప్తారు?"

"మా ఆమె చెప్పేది. నాలుగేండ్లుగా నేనే తిప్పి, నేనే దిగొచ్చి చూసుకుంటాండా."

మిద్దె మీద ఆయన యాంటెనా గొట్టం తిప్పాడు.

"వచ్చిందా?"

"వచ్చింది పెద్దాయనా! మిషన్‌లో కూడా పడింది. ఖాళీ అన్న మాట కొట్టేస్తాండా!"

ఆయనకు స్పష్టంగానే వినపడింది. పని అయిపోయింది, దిగొచ్చు. అయినా గొట్టం వదలకుండా మళ్లీ అడిగాడు.

"వచ్చిందా?"