అన్నవరంలో చెప్పిన గోత్రం

వరస తప్పుతానేమో గణేష్‌బాబూ, ముందే చెబుతున్నాను. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో ఈమధ్య నాకు కలిసిపోతోంది. అయినా నువ్వు మధ్యలో అడ్డు రాకు. దొడ్డమ్మని నిలదీయడానికి పొద్దున్నే బండేసుకుని వచ్చావుగా, ఆ కుర్చీ లాక్కుని కూర్చో. చెప్పులు అక్కడ కాదు, బయట.

ఏంటీ, ఆదివారంలోగా పైగది ఖాళీ చేయించాలా? ఎవరి ఇల్లురా ఇది? మీ పెదనాన్నగారు నా పేర రాసిన ఇల్లు. నువ్వొచ్చి గడువు పెట్టేదేంటి?

ఆగు. ఆ మలేషియా పిల్లంటే నాకేదో ముద్దని అనుకుంటున్నావేమో, ఆ భ్రమ ముందు తీరుస్తాను. అదంటే నాకు ఒళ్ళుమంట.

పుష్కరాలు వెళ్ళిన నెలకి దిగింది, హైవే మీది మెడికల్ కాలేజీలో చదువుతానని. హాస్టల్లో సీనియర్ల గోల పడలేక వారం తిరక్కుండానే నా గుమ్మం ఎక్కింది. మంచమంత పెట్టె. వాకిట్లోంచే “హలో అవ్వా” అంది. అవ్వేంటి? ఈ వీధిలో నన్ను మామ్మగారూ అనని వాళ్ళెవరు? చెప్పాను. రెండ్రోజులు మామ్మగారూ అంది, మళ్ళీ అవ్వే. వాళ్ళ రబ్బరు తోటల్లో అలాగే అంటారట. పేరు మాత్రం హారతి, శుభ్రంగా మన పేరే.

నోరు తెరిస్తే మలేషియా. మా మలేషియాలో కరెంటు పోదు. మా మలేషియాలో ఆవులు రోడ్డు మీద పడుకోవు. మా మలేషియాలో దోమలకి బండొచ్చి పొగ కొడుతుంది. “అయితే అక్కడే చదవకపోయావా?” అన్నాను. “అక్కడ సీటు రాలేదు లా” అంది. ప్రతి మాట చివరా ఓ ‘లా’. వద్దు లా. చాలు లా. వింటుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది.

మరుగుదొడ్లో కాగితాలు పడేసి పైపు మూసేసింది. అన్నం పెట్టనా అంటే తలూపేది. అది అవునో కాదో ఎవరికి తెలుసు? పెడితే వదిలేసేది, పెట్టకపోతే ఆకలితో పడుకునేది. రెండింటికీ నేనే పాపాత్మురాలిని.

ఇంకా విను. కార్తీక సోమవారం. నేను ఉపవాసముండి, నక్షత్రం కోసం డాబా మీద మెడ నొప్పెట్టేలా చూస్తున్నాను. పైగదిలోంచి కంపు! ఎలక చచ్చిందనుకున్నాను. వెళ్ళి చూద్దును కదా, స్టవ్వు మీద నల్లటి ముద్దేదో కాలుస్తోంది. రొయ్యపొట్టు కుళ్ళబెట్టి ఇటికలా చేసిన ముద్దట. వాళ్ళమ్మ పంపిందట.

“కార్తీకమాసంలో నా కొంపలో నీచా?” అని స్టవ్వు కట్టేసి, ఆ ముద్ద పెరట్లోకి విసిరికొట్టాను.

అది మెట్లు దిగి వెళ్ళి మట్టిలోంచి ముక్కలు ఏరుకుంది. మట్టి దులిపి కాగితంలో చుట్టుకుంది. నన్ను తిరిగి ఓ మాట అనచ్చుగా? అంటే నాకూ తీరేది.

కాలేజీలో దాన్ని ‘రబ్బరూ’ అని పిలుస్తారట. క్యాంటీన్లో బల్ల మీద నిలబెట్టి తెలుగు మాట్లాడించి పొట్టలు పట్టుకుని నవ్వేవారట. లెక్చరర్ల ఇంగ్లీషు దీనికి అర్థం కాదు, దీని ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కాదు. ఓ వారం జ్వరమని పడుకుంది. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు, పాడూ లేదు.

ఆదివారం ఆదివారం బుల్లియ్య బూత్‌కి వెళ్ళి ఇంటికి ఫోను. ఆ అద్దాల పెట్టెలో నిలబడి “బాగున్నానమ్మా, చాలా బాగున్నా” అంటుంది, ముక్కు చీదుతూ. నేను కూరగాయల సంచీతో బయట నిలబడి, “తెమల్చవే, ఎండ!” అని అరిచేదాన్ని. ఇంతకంటే ముద్దు చేసిన పాపాన పోలేదు.

ఇక నువ్వొచ్చిన సంగతి. మా వీధి లక్ష్మీదుర్గ చెప్పింది కదూ? నోరా అది, మైకు! అవును, అన్నవరం తీసుకెళ్ళాను. వాళ్ళ నాయనమ్మకి మొక్కుందట, పిల్ల పేరున అర్చన చేయించమని ఫోన్లో ఒకటే బతిమాలింది. పంతులుగారు “గోత్రం?” అన్నారు. ఈ పిల్ల నా మొహంలోకి చూసింది. “గోత్రమమ్మా, గోత్రం!” అన్నారాయన. వెనక లైన్లో జనం. ఎవరో “అది కూడా తెలీకుండా వచ్చేస్తారు” అన్నారు.

మన గోత్రం చెప్పేశాను. ఆయన మన గోత్రంలో హారతి పేరు కలిపి చదివేశారు. వెనక నిలబడిన మహాతల్లి లక్ష్మీదుర్గేనని నాకేం తెలుసు?

తెలీని వాళ్ళకి కాశ్యప గోత్రం చెబుతారని నాకు తెలీదా? నువ్వు పుట్టకముందునుంచీ తెలుసు. పోనీ వాళ్ళెవరో అడక్కుండా గదిచ్చానా? అడిగాను. పెట్టె కింద పెట్టనివ్వకుండానే ఇంటిపేరడిగాను. కామాడి వాళ్ళమంది. ఇంకేం కావాలి, వలలేసే వాళ్ళని తెలీడానికి? ముత్తాత ముసలయ్యట, తాళ్ళరేవు వైపునుంచి మద్రాసు పోయి మలయా ఓడెక్కాడట. తెలిసే ఇచ్చాను. వాళ్ళు పట్టిన పులస ఈ ఇంటికొస్తే గిన్నె ఊడ్చి తిన్నవాడివి, నువ్వా నాకు చెప్పేది?

గది ఇవ్వడం వేరు, గోత్రం ఇవ్వడం వేరంటావు. ఒప్పుకుంటాను. కూర్చో, లేవకు. అదే చెబుతున్నాను.

అన్నవరానికి ముందు మాట ఇది. ముందే. ఇది మాత్రం బాగా గుర్తుంది. డిపాజిట్టు కాగితం మార్చుకోడానికి బ్యాంకుకి వెళ్ళాను. ఆ పిల్లకీ అక్కడేదో పనుంటే వెంట వచ్చింది. కౌంటర్లో కుర్రాడు, “మీవారి పేరు చెప్పండి మామ్మగారూ” అన్నాడు.

రాలేదురా.

నోరు తెరిచాను. ఆయన మొహం ఉంది. పొడుం వాసన ఉంది. ఎడమకాలు కాస్త ఈడుస్తూ వచ్చే నడక ఉంది. పేరు లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి పేరు, అరలో పెట్టిన వస్తువు ఎవరో ఎత్తుకుపోయినట్టు మాయమైపోయింది.

ఆ కుర్రాడు నవ్వాడు. “మా అమ్మమ్మా ఇంతేనండి, తాతగారి పేరు చచ్చినా చెప్పదు” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను, సిగ్గుపడ్డట్టు. మొగుడి పేరు నోటితో అనని కాలందాన్ని కదా, అందరూ నమ్మేశారు.

ఆ పిల్ల నవ్వలేదు. నా మొహమే చూస్తోంది. నా చేతిలో పాసుబుక్కు తీసుకుని, ఆయన పేరున్న పేజీ తెరిచి, కుర్రాడి ముందుకి తోసింది.

తెలిసిపోయింది దానికి.

ఆ రోజునుంచీ పైకెళ్ళేముందు నా వంటింట్లోకొచ్చి గ్యాసు కట్టానో లేదో చూస్తుంది. మాత్రల డబ్బా ఊపి చూస్తుంది. దొంగని కాపలా కాసినట్టు కాస్తోంది నన్ను! నీకు చెప్పలేదు. ఈ వీధిలో ఎవరికీ చెప్పలేదు. అందుకేరా అంత మంట. నా గుట్టు తెలిసిన మనిషి నా నెత్తి మీద గదిలో అటూ ఇటూ నడుస్తుంటే నాకెలా ఉంటుంది?

అన్నవరంలో జాలిపడి చెప్పాననుకున్నావా? జాలీ కాదు, గీలీ కాదు. పంతులుగారు అడిగితే నోరు తెరుచుకుని నిలబడింది చూడు, ఆ నిలబడ్డం నాకు తెలుసు. వెనకనుంచి వచ్చే ఆ నవ్వు తెలుసు. నా నోట్లో ఉన్న గోత్రం వచ్చేసింది. వచ్చినందుకు సంతోషమేసింది కూడా, దాచడమెందుకు? ఇదింకా నా దగ్గరే ఉంది కదా అనుకున్నాను.

ఖాళీ చేయించను. వచ్చే నెల్లో దానికి పరీక్షలు. ఇప్పుడు హాస్టలుకి తోలితే మళ్ళీ ఆ బల్లెక్కిస్తారు. ఈసారి తిన్నగా విమానం ఎక్కేస్తుంది. ఎక్కితే నాకు పీడ వదులుతుంది, నిజమే. కానీ ఎక్కనివ్వను. మీ గోత్రానికి అంత మైలంటుకుంటే తీసుకెళ్ళి కడుక్కో. గోదావరి ఇక్కడికి ఎంతో దూరం లేదు.

వెళుతున్నావా? కాఫీ అయినా తాగవా? సరే, నీ ఇష్టం.

ఇదిగో, ఒక్కమాట. మీ పెదనాన్నగారు బంగార్రాజుగారు. బూత్ బుల్లియ్యది. పిల్ల ముత్తాత ముసలయ్య, ఇంటిపేరు కామాడి. ఇంటికెళ్ళి మీ ఆవిడ సత్యకుమారిని కూడా అడిగి చూడు, పేర్లన్నీ సరిగ్గా చెప్పానో లేదో.

తప్పుంటే ఫోను చెయ్యి. నాకు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకి చెప్పు. అది గుర్తుపెట్టుకుంటుంది.