నిలువు నిద్ర

కరీంనగర్‌లోని ఒక పిల్లల ఆసుపత్రి వరండాలో, మధ్యాహ్నపు మగతలో, అత్త పక్కన కూర్చున్న కోడలి భుజం మీద రెండేళ్ల జెమీమా నిలువుగా నిద్రపోతోంది. పడుకోబెడితే తాగిన పాలు పులిసి గొంతులోకి ఎగదన్నుతాయి. ఏ పద్ధతిలో ఆపరేషన్ చేయించాలో సాయంత్రానికల్లా డాక్టర్‌కు చెప్పాలి.

“అత్తమ్మా, మీ కొడుకు ఫోన్ చేసిండు. పొట్ట కోసుడు వద్దంట, చిన్న రంధ్రాలదే కావాల్నంట. ఆడపిల్ల పొట్ట మీద మచ్చ ఉండొద్దంట.”

“పిల్ల గొంతు మండుతుంటే వానికి మచ్చ ఫికరా? కడుపు పైభాగాన్ని అన్నం గొట్టం చుట్టు తిప్పి కుట్టుడు రెండిట్ల ఒక్కటే. లోపలికి పోయే దారే వేరు.”

“మరి ఏది మంచిది?”

“డాక్టర్ చెప్పంగ నువ్వు కునుకు తీస్తున్నవు. కోసి చేస్తే కుట్టు వదులయ్యుడు జర తక్కువుండొచ్చట. రంధ్రాలతోని చేస్తే తర్వాత ఓకరింపులు తక్కువుండొచ్చట. గిదే గొప్పదని ఆయన అనలే.”

“గా కునుకుల నాకు గోదారి కనబడ్డది అత్తమ్మా, లక్సెట్టిపేట కాడ. జెమీమా నీళ్ల మీద వెల్లకిల పండుకున్నది. ఒక్క చుక్క పాలు గూడ పైకి రాలే.”

“మచ్చ గురించి అందరం అడిగినం. డాక్టర్‌ను అడగాల్సింది అడగలే.”

“ఏంది?”

“గింత చిన్నపిల్లలకు మీ చెయ్యి దేంట్ల ఎక్కువ తిరిగిందని. ఆయన ఏది చెప్తే అదే చేయిద్దాం. నా కొడుకుతోని నేను మాట్లాడుత.”

“గప్పుడు జెమీమాను పండబెట్టొచ్చా?”

“గాయం మానినంక పండబెట్టొచ్చు బిడ్డా.”

“నేను గూడ పండుకోవచ్చా?”

పెద్దామె రెండు చేతులూ చాచింది.

“నువ్వు ఇప్పుడే పండుకో. పిల్లను ఇటియ్యి. నిలువుగనే పట్టుకుంట.”